లెక్కలోకి రాని పతకం

అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు చెప్పడానికి తల్లిదండ్రులను బడికి పిలిచాం. మా నరికుడి చుట్టుపక్కల ఇళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. కొందరు సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చి అమ్ముతారు. కొందరు శివకాశి వైపు బాణసంచా పనికి వెళ్తారు. ఒకపూట కూలి పోగొట్టుకుని బడికి వచ్చినవాళ్లు మార్కులు విని త్వరగా వెళ్లిపోవాలని చూస్తారు. ఆ రోజు మాత్రం ఒక తండ్రి చివరిదాకా ఆగాడు. ఆయన కొడుకు మా దగ్గర ఎనిమిదో తరగతి.

“సారూ, మావోడు పొద్దస్తమానం ఫోన్లో కారు తోల్తా ఉంటాడు. ఏందిరా ఇది అంటే, ఇది ఉత్త ఆట కాదు నాయనా, పోటీ, ఆసియా ఆటల్లో కూడా పెట్టినారు అంటాడు. నిజమేనా? లేదంటే నన్ను మోసం చేస్తా ఉండాడా?” అని అడిగాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. వచ్చే ఏడు విరుదునగర్‌లో ఇంగ్లిషు మీడియంలో వేద్దామనుకుంటున్నాడట. అక్కడైతే కంప్యూటరు, ఈ-స్పోర్ట్స్ అన్నీ ఉంటాయని ఎవరో చెప్పారట.

మొదటి ప్రశ్నకు ఆ పూట మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. రెండో మాటకు జవాబు ఉంది గానీ, మొదటిదానికి చెప్పలేనివాళ్లు రెండోదానికి చెబితే ఎవరు నమ్ముతారు? “కనుక్కుని చెబుతాం” అన్నాం. కనుక్కున్నాం. ఈ వ్యాసం ఆయనకు చెప్పిన జవాబే. అదే ప్రశ్న మోస్తున్న మిగతా తల్లిదండ్రుల కోసం, మా తోటి ఉపాధ్యాయుల కోసం ఇక్కడ రాస్తున్నాం.

జపాన్ పిల్లలు జిల్లా పేరు మీద ఆడారు

అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. జపాన్‌లో 1946 నుంచి ఏటా జాతీయ క్రీడోత్సవం జరుగుతుంది. మన రాష్ట్రాల్లాగా అక్కడ 47 పరిపాలనా విభాగాలు ఉన్నాయి. ఒక్కోదాని తరఫున క్రీడాకారులు వచ్చి తలపడతారు. 2019లో ఆ ఉత్సవం ఇబారకిలో జరిగినప్పుడు, దానికి అనుబంధంగా సాంస్కృతిక కార్యక్రమాల కింద వీడియో గేముల పోటీ పెట్టారు. ఆ ఏడాది అక్టోబరులో త్సుకుబా నగరంలో జరిగిన ఆ పోటీలో మూడు ఆటలు ఉన్నాయి. ఒకటి ఫుట్‌బాల్, ఒకటి రంగుల బుడగలు పేర్చే ‘పుయో పుయో’, మూడోది కారు పందెం ఆట ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’.

కారు పందెంలో రెండు విభాగాలు చేశారు. 6 ఏళ్లు నిండి 18 దాటని పిల్లలకు ఒకటి, 18 పైబడినవాళ్లకు ఒకటి. ఆరో తరగతి పిల్లవాడు తన ప్రాంతం పేరు చొక్కా మీద వేసుకుని ఆడే అవకాశం అది. కోవిల్పట్టిలో హాకీ కర్ర పట్టుకున్న పిల్లవాడు తూత్తుకుడి జిల్లా పేరు మీద ఆడితే వాళ్ల వీధి వీధంతా ఎంత సంబరపడుతుందో మనకు తెలుసు. అలాంటి గౌరవాన్నే వాళ్లు ఒక తెర ముందు కూర్చున్న పిల్లలకు ఇచ్చి చూశారు. అసలు క్రీడల పట్టికలో మాత్రం చేర్చలేదు. పక్కన పెట్టి నడిపారు, జనం ఎలా తీసుకుంటారో చూశారు.

ఆ తర్వాత అడుగులు త్వరగా పడ్డాయి. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ‘ఒలింపిక్ వర్చువల్ సిరీస్’ నడిపింది. బేస్‌బాల్, సైక్లింగ్, పడవ పోటీ, తెరచాప పడవ పోటీ, మోటారు పందెం అని అయిదు అంశాలు. మోటారు పందెం గ్రాన్ టురిస్మోలోనే జరిగింది. ఇటలీకి చెందిన వలేరియో గాల్లో గెలిచాడు. 2023 జూన్ 22 నుంచి 25 దాకా సింగపూర్‌లో ‘ఒలింపిక్ ఈ-స్పోర్ట్స్ వీక్’ జరిగింది. అక్కడ మోటారు పందెం ఫ్రాన్స్ యువకుడు కీలియన్ డ్రూమోంది. జపాన్‌లోని ఐచి-నగోయా 2026 ఆసియా క్రీడల ఈ-స్పోర్ట్స్ జాబితాలో ‘గ్రాన్ టురిస్మో 7’ చేరింది. మన ఎనిమిదో తరగతివాడు వాళ్ల నాయనకు చెప్పింది ఇదే.

పందెంలో ఎవరు గొప్పో ఎలా తేలుస్తారు

అయితే ఆ ఆట, మన పిల్లవాడు ఫోన్లో ఆడే ఆట ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోతే పిల్లవాడి వాదన ముందు మనం ఓడిపోతాం.

గ్రాన్ టురిస్మోను జపాన్‌లో కజునోరి యమౌచి బృందం తయారుచేసి 1997 డిసెంబరులో విడుదల చేసింది. నిజం కారు బరువు, టైరు పట్టు, బ్రేకు వేస్తే ముందుకు వాలడం, మలుపులో పక్కకు జారడం లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. పెద్ద పోటీల్లో స్టీరింగు, పెడళ్లు పెట్టుకుని ఆడతారు. కార్ల శక్తిని, బరువును సరిదూచి ఒకదానికొకటి దీటుగా ఉండేలా చేస్తారు. డబ్బు పెట్టి కొన్న బలమైన కారుతో గెలవడం అక్కడ కుదరదు. తోలేవాడి చేతిలోనే ఉంటుంది గెలుపు.

ఇంకో సంగతి మాకు బాగా నచ్చింది. ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’లో ఆటగాడికి రెండు రకాల మార్కులు ఉంటాయి. ఒకటి తోలే నేర్పుకు, ఇంకోటి మర్యాదకు. పక్క కారును గుద్దినా, దారి తప్పి అడ్డంగా పోయినా మర్యాద మార్కు తగ్గుతుంది. ఆన్‌లైన్ పోటీలో దిగడానికి ముందు మర్యాదగా తోలడం గురించి రెండు చిన్న వీడియోలు చూసి తీరాలి. చూడకపోతే పోటీ తలుపు తెరుచుకోదు. మన రోడ్లమీద లైసెన్సు ఇచ్చేటప్పుడు కూడా ఇంత ఓపిక ఉంటే బాగుండును అనిపించింది.

ఫోన్లో ఉచితంగా దొరికే చాలా ఆటలు దీనికి తిరగబడి ఉంటాయి. గుద్దితే బహుమతి, ప్రకటన చూస్తే నాణేలు, డబ్బు కడితే బలమైన కారు. అందుకే “ఆసియా ఆటల్లో ఉంది” అని పిల్లవాడు అన్నప్పుడు, “ఉంది, కానీ నువ్వు ఆడేది అది కాదు” అని చెప్పగలిగితే చాలు. కోవిల్పట్టి హాకీ మైదానం వేరు, వీధిలో కర్రతో సోడాబుడ్డి మూత కొట్టడం వేరు. రెండింటిలోనూ సరదా ఉంది. ఒకదాంట్లోనే శిక్షణ ఉంది.

ప్రదర్శన క్రీడ అంటే గుమ్మం

కొత్త ఆటను పెద్ద క్రీడల్లోకి తీసుకునే ముందు కొన్నిసార్లు ‘ప్రదర్శన క్రీడ’గా ఆడిస్తారు. ఆట నిజంగానే జరుగుతుంది, విజేతలు ఉంటారు, పతకాలు కూడా ఇవ్వవచ్చు. దేశం పతకాల పట్టికలో మాత్రం అవి చేరవు.

కబడ్డీని చూడండి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో అది ప్రదర్శన క్రీడ. 1990లో బీజింగ్‌లో పతకం ఉన్న క్రీడ అయింది. ఎనిమిదేళ్లు గుమ్మంలో నిలబడి లోపలికి వెళ్లింది. మన తమిళనాడులో 2024 జనవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ జరిగినప్పుడు సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా ఆడించారు. 2025 మేలో బిహార్‌లో జరిగిన అవే పోటీల్లో ఈ-స్పోర్ట్స్‌కు ఆ చోటు దక్కింది.

ఈ-స్పోర్ట్స్ ఆసియా క్రీడల గుమ్మం ఎక్కింది 2018లో, జకార్తాలో. కారు పందెం ఆ జాబితాలో లేదు గానీ, ‘హార్త్‌స్టోన్’ అనే పేకముక్కల తరహా ఆట ఉంది. దాంట్లో గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. ఆ కాంస్యం భారత్ పతకాల లెక్కలోకి రాలేదు. ప్రదర్శన కదా! తర్వాతి ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌జౌలో జరిగేసరికి ఈ-స్పోర్ట్స్‌లో 7 అంశాలకు లెక్కలోకి వచ్చే పతకాలే ఇచ్చారు. ఈలోగా 2022 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వం కూడా ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా గుర్తించి, క్రీడల శాఖ కిందకు తెచ్చింది.

ఇది చదివాక మా ఉపాధ్యాయుల గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తెలుగు చెప్పే టీచరు అన్నారు: “మన తెలుగు పేపరు కూడా ప్రదర్శన క్రీడే కదా.”

నిజమే. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. అప్పటినుంచి భాషా మైనారిటీల పిల్లల కోసం కోర్టుల్లో ఎన్ని అర్జీలు పడ్డాయో, ఎన్నిసార్లు మినహాయింపులు పొడిగించారో ఈ పేజీ చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తమిళం, ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, సోషల్ కలిపితే 500. మన పిల్లవాడు కష్టపడి రాసే ఐచ్ఛిక తెలుగు పేపరు ఆ 500లో కలవదు. 95 వచ్చినా కలవదు. తీర్థ్ మెహతా మెడలో కాంస్యం ఉంది, పట్టికలో లేదు. మన పిల్లల చేతిలో తెలుగు ఉంది, మొత్తంలో లేదు.

తమిళం నేర్చుకోవద్దని మేం ఎన్నడూ అనలేదు, అనం. ఈ నేల మీద పుట్టినవాళ్లం, తమిళం మన అన్నం భాష. ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మన పెద్దలు ఈ కరిసల్ నేలకు ఎలా వలస వచ్చారో తమిళ పాఠకులకు చెప్పింది ఆయనే. రెండు భాషలూ ఉంటే ఎంత ఎత్తుకు వెళ్లవచ్చో మనకు ఆయన ఇంటిముందే రుజువు ఉంది. మా బాధ అల్లా లెక్కలోకి రాని పేపరును పిల్లలు ఎందుకు చదవాలన్నదే. ఆ ప్రశ్నకు మేం తరగతిలో చెప్పే జవాబులు కొన్నేళ్లుగా అరిగిపోయాయి.

మా వరండాలో పందెం

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మనమూ ఒక ప్రదర్శన పోటీ పెడితే?

కన్సోలు కొనాలంటే అప్పట్లో అదొక్కటే సుమారు 50,000 రూపాయలు. స్టీరింగు వేరే. అది మా వల్ల కాదు. మా పూర్వ విద్యార్థి ఒకతను, ప్రభుత్వం ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో పడి ఉందని తెచ్చి ఇచ్చాడు. అందులో ‘సూపర్ టక్స్ కార్ట్’ అనే కారు పందెం ఆట వేశాడు. ఇది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు తయారుచేసిన ఉచిత ఆట. ప్రకటనలు లేవు, కొనేవి లేవు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. దాంట్లో ‘టైమ్ ట్రయల్’ అని ఒక పద్ధతి ఉంది. అందులో ఎదుటివాడి మీద వస్తువులు విసరడం ఉండదు. ఒక్కడే తోలాలి, గడియారంతోనే పందెం. దారి తప్పి కింద పడితే ఒక పక్షి వచ్చి ఎత్తి దారిలో పెడుతుంది. ఈలోగా క్షణాలు పోతాయి.

ఒక శనివారం మధ్యాహ్నం, భోజనాల తర్వాత, వరండాలో ల్యాప్‌టాప్ పెట్టాం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా 16 మంది పేర్లిచ్చారు. నియమాలు నల్లబల్ల మీద రాశాం. ఒకటి, ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలే, అందులో మంచిది లెక్క. రెండు, తోలనప్పుడు ఖాళీగా కూర్చోకూడదు. గడియారం చూడాలి, లేదా పట్టికలో రాయాలి, లేదా వ్యాఖ్యానం చెప్పాలి. మూడు, వ్యాఖ్యానం తెలుగులోనే చెప్పాలి.

మా తోటి ఉపాధ్యాయుల్లో ఒకరు దీన్ని ఒప్పుకోలేదు. “ఇంట్లో ఫోను లాక్కోమని మనమే చెబుతున్నాం, బడిలో మనమే తెర పెడుతున్నాం. రేపు ఏ ముఖంతో చెబుతాం?” అన్నారు. ఆ మాటను మేం తీసి పారేయలేదు. ఆయననే నిర్వాహకుడిగా ఉండమన్నాం. మూడు ప్రయత్నాలే అన్న నియమం ఆయన పెట్టిందే. ఆట ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే అది పోటీ, తెలియకపోతే వ్యసనం అని ఆయన వాదన. దాన్ని కాదనడానికి మాకేమీ దొరకలేదు.

దాపల, వలపల

పోటీ మొదలైంది. తోలడం పిల్లలకు ఇబ్బంది కాలేదు. ఇబ్బందల్లా మూడో నియమంతోనే వచ్చింది. వ్యాఖ్యానం చెప్పడానికి లేచిన పిల్లవాడు మొదటి వాక్యం తెలుగులో మొదలుపెట్టి, రెండో వాక్యానికి తమిళంలోకి, మూడోదానికి ఇంగ్లిషులోకి పోయాడు. “లెఫ్ట్ టర్న్, బ్రేక్, స్లో, ఫాస్ట్” తప్ప ఇంకేమీ రాలేదు. ఇంకో అమ్మాయి లేచింది, అదే తంతు. రోజూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే. కానీ వేగంగా జరిగే ఒక సంగతిని తెలుగులో చెప్పాల్సిన అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు. మేం నేర్పిందీ లేదు.

మనవడిని తీసుకుపోవడానికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్న ఒక తాత అప్పటిదాకా తెర వంక చూస్తూ ఉన్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎద్దుల బండి పందేలు తోలినవాడు. మన విరుదునగర్, శివగంగ, తూత్తుకుడి పక్క పల్లెల్లో గుడి పండగ వస్తే బండి పందెం లేకుండా జరగదు. ఉన్నట్టుండి ఆయన అరిచాడు: “ఒరే, దాపల బిగబట్టు! వలపల వదులు!”

పిల్లలు తిరిగి చూశారు. దాపల అంటే ఏంది తాతా అన్నారు. కాడికి ఎడమ పక్క కట్టిన ఎద్దు దాపటిది, కుడి పక్కది వలపటిది. బండి ఎడమకు తిరగాలంటే దాపటిదాని పగ్గం బిగబట్టి, వలపటిదాన్ని అదిలించాలి. లోపలి ఎద్దు తక్కువ దూరం నడుస్తుంది, బయటి ఎద్దు ఎక్కువ దూరం పరుగెత్తాలి. అంతా ఆయన చేతులతో చూపించి చెప్పాడు. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరుగుతుందని మేం సైన్సు పాఠంలో బొమ్మ గీసి చెప్పేది ఇదే. ఆయన ఏ బొమ్మా లేకుండా చెప్పేశాడు.

ఆ తర్వాత వ్యాఖ్యానం తీరు మారింది. “దాపలకు తిరిగాడు… పగ్గం బిగబట్టాడు… వదిలాడు… ఇప్పుడు అదిలిస్తున్నాడు… ఒరుసుకున్నాడు, గోడను ఒరుసుకున్నాడు!” ఏడో తరగతి అమ్మాయి ఒకతె మూడు నిమిషాలు ఆగకుండా చెప్పింది. తరగతిలో ప్రశ్న అడిగితే నేల చూసే పిల్ల అని మేం అనుకున్న అమ్మాయి అది. పదం దొరక్కే ఇన్నాళ్లూ ఊరుకుందేమో!

పోటీలో తొమ్మిదో తరగతి అబ్బాయి గెలిచాడు. అందరూ అనుకున్నవాడే. బహుమతిగా కోవిల్పట్టి కడలమిట్టాయి పొట్లం ఇచ్చాం. ఫోన్లో రాజు అనుకున్న మన ఎనిమిదో తరగతివాడు మొదటి రెండు సార్లూ ఎక్కడా వేగం తగ్గించకుండా పోయి దారి తప్పాడు. మూడోసారి పగ్గం బిగబట్టడం నేర్చుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. వాళ్ల నాయన వెనక నిలబడి చూస్తున్నాడు.

ఎద్దుల పందెం సంగతి వచ్చింది కనుక ఒక మాట. అది ఆటా, హింసా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 మేలో నిషేధించారు, 2017లో తమిళనాడు చట్టం సవరించుకుంది, 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను నిలబెట్టింది. ఏది ఆట అన్నది ఒక్కరోజులో తేలే ప్రశ్న కాదు. నియమాలు ఉన్నాయా, వాటిని పాటించేవాళ్లు ఉన్నారా అన్నదాని మీదే చివరికి తేలుతుంది.

మూడింతల వేగం, తొమ్మిదింతల దూరం

సోమవారం ఆ పట్టికను లెక్కల తరగతిలోకి తెచ్చాం. ఎవరి సగటు ఎంత, ఉత్తమానికీ సగటుకూ తేడా ఎంత అని పిల్లలే లెక్క కట్టారు. ఆ తర్వాత అసలు లెక్క పెట్టాం.

గంటకు 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 10 మీటర్లు. 72 అంటే 20 మీటర్లు, 108 అంటే 30 మీటర్లు. ఎదురుగా ఏదో కనబడ్డాక బ్రేకు మీద కాలు పడడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. బ్రేకు వేశాక వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. 36లో పోతున్న బండి బ్రేకు పడ్డాక 10 మీటర్లలో ఆగుతుంది. 72లో అయితే 40 మీటర్లు. 108లో 90 మీటర్లు. మూడింతల వేగానికి తొమ్మిదింతల దూరం. బ్రేకు మీద కాలు పడేలోపు పోయిన దూరం కూడా కలిపితే మొత్తం 20, 60, 120 మీటర్లు.

బడి వెలుపలికి వెళ్లి 120 మీటర్లు అడుగులతో కొలిచాం. గేటు దగ్గర మొదలుపెడితే పెట్టె కొట్టు దాటి, చింతచెట్టు దాటి, ఇంకా పోవాలి. పిల్లలు ఏమీ మాట్లాడలేదు. మనకు రెండు పక్కలా నాలుగు వరుసల రోడ్లు ఉన్నాయి. ఒకటి విరుదునగర్, సాత్తూరు, కోవిల్పట్టి మీదుగా కన్యాకుమారి వైపు పోతుంది. ఇంకోటి అరుప్పుకోట్టై, ఎట్టయాపురం మీదుగా తూత్తుకుడికి. ఆ రోడ్ల మీద పన్నెండేళ్లవాడు మోటారు సైకిల్ తోలడం మనమంతా చూశాం. ఆటలో దారి తప్పితే పక్షి వచ్చి ఎత్తుతుంది. ఇక్కడ రాదు.

పెద్దవాళ్లకు ఒక చట్టం సంగతి. 2019 మోటారు వాహనాల సవరణ ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే బండి యజమాని లేదా సంరక్షకుడు బాధ్యుడు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తెర మీద కారు తోలే పిల్లవాడికి ఇంట్లో బండి తాళం అందకుండా చూడడం ఫోను దాచడం కంటే ముందు చేయాల్సిన పని.

డబ్బు, నిద్ర, మనసు

ఈ-స్పోర్ట్స్ పేరు చెప్పి పిల్లలను డబ్బు ఆటల్లోకి లాగేవాళ్లు ఉంటారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ రెంటినీ విడదీసింది. ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను, నేర్పుతో ఆడేవైనా అదృష్టంతో ఆడేవైనా, నిషేధించింది. కాబట్టి గుర్తు సులువు. పందెం డబ్బు కట్టమని అడిగేది ఈ-స్పోర్ట్ కాదు. కారు రంగు మార్చడానికో, బలం పెంచడానికో ఆట లోపల కొనమనేవి చట్టం నిషేధించిన డబ్బు ఆటల కిందకు రాకపోవచ్చు గానీ, జేబుకు అవీ చేటే. పిల్లవాడు ఆడే ఫోన్లో డబ్బు చెల్లించే యాప్ రహస్య సంఖ్య వాడికి తెలియకుండా ఉంచండి.

ఎంతసేపు ఆడితే ఎక్కువ? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది, ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క కంటే మూడు గుర్తులు ముఖ్యం. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం. తిండి, చదువు, స్నేహాల కంటే ఆటే ముందుకు రావడం. నష్టం కళ్లకు కనబడుతున్నా కొనసాగించడం. మామూలుగా ఏడాదిపాటు ఇలా ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగా చూస్తారు. అంతదాకా ఆగనక్కర్లేదు. మూడింటిలో ఒకటి కనబడినా మాతో చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం 14416కి ఉచితంగా ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మా ప్రదర్శన పోటీ వల్ల అంతా మంచే జరిగిందని చెప్పం. తర్వాతి వారం ఇద్దరు తల్లులు వచ్చి, పిల్లలు ఇంట్లో ల్యాప్‌టాప్ కావాలని గొడవ చేస్తున్నారని నిష్ఠూరమాడారు. ఆ పిల్లలను పిలిచి మాట్లాడాం. ఈ ఆట బడిలోనే, ఏడాదికి రెండుసార్లే అని తేల్చి చెప్పాం. మొదటే చెప్పి ఉండాల్సింది. ఇలాంటిది పెట్టాలనుకునే బడులు ముందుగా తల్లిదండ్రులతో ఆ మాట చెప్పి మొదలుపెట్టడం మంచిది.

ఆయనకు చెప్పిన జవాబు

పోటీ అయ్యాక ఆ తండ్రి మా దగ్గరికి వచ్చాడు. మేం కనుక్కున్నదంతా చెప్పాం. “మీవాడు మోసం చేయలేదు. ఆ ఆట పెద్ద పోటీల్లో ఉంది. కానీ అక్కడికి వెళ్లేవాళ్లు ముందు మర్యాద నేర్చుకుంటారు, ఎప్పుడు ఆపాలో నేర్చుకుంటారు. అది ఏ మీడియంలోనైనా నేర్పవచ్చు. మేం తెలుగులో నేర్పుతాం” అన్నాం.

ఆయన నవ్వాడు. “దాపల, వలపల అని మా నాయన అనేవాడు సారూ. ఈడి నోట వింటానని అనుకోలేదు” అన్నాడు. ఇంగ్లిషు మీడియం సంగతి మళ్లీ ఎత్తలేదు. అలాగని వేయనని కూడా అనలేదు. మేమూ అడగలేదు. బదిలీ పత్రం అర్జీలు వేసవిలో వస్తాయి. అప్పుడు తెలుస్తుంది.

రెండో పోటీ వచ్చే విద్యా సంవత్సరం మొదట్లో పెడతాం. ఈసారి పందెం కంటే ముందు పిల్లలు ఇళ్లలో తాతలను, అవ్వలను అడిగి, బండికీ దారికీ వేగానికీ సంబంధించిన తెలుగు మాటలు తలా పది రాసుకు రావాలి. ఆ కాగితం ఇచ్చినవాళ్లకే పోటీలో చోటు. ఇప్పటికే కొన్ని వచ్చాయి, నల్లబల్ల పక్కన అట్ట మీద అంటించాం. ఆ మాటలకు పదో తరగతి మొత్తంలో మార్కులు లేవు. అట్ట మాత్రం నిండుతోంది.